జానెడు చేప

నవంబర్ 11, చెక్‌పోస్ట్‌లో

పొద్దున్నుంచి చేతులు చాచేవాళ్ళతోనే సరిపోయింది. హైవే పక్కన నిలబడి కార్లకేసి రెండు చేతులూ బారచాపుతారు. ఇంత పెద్ద చేప ఉంది, ఆగు అని. చేప మాత్రం కనిపించదు. ఎవరింట్లోనో మంచం కింద ఉంటుంది. నా యూనిఫాం చూడగానే ఒళ్ళు విరుచుకుంటున్నట్టు నటిస్తారు. సెవాన్ సరస్సు ఒడ్డున ఒళ్ళు విరుచుకునేవాళ్ళు మరీ ఎక్కువ.

మధ్యాహ్నం ఎరెవాన్ వెళ్ళే కారు ఆపితే డిక్కీలో చుక్కల ఇష్ఖాన్ చేపలు. ఫారం చేపలే, కాగితం ఇంట్లో మర్చిపోయాను అన్నాడు. ఫారం చేప సిమెంట్ తొట్టి గోడలకి రాసుకుని రాసుకుని రెక్కల చివర్లు అరిగిపోతాయి. వీటి రెక్కలు కొత్త విసనకర్రల్లా ఉన్నాయి. సరస్సు చేపలు. వాటిని పట్టకూడదు, అమ్మకూడదు, కొనకూడదు, ఏ నెలలోనూ. సీజ్ చేశాను. మీ ఇంట్లో చేపలు వండరా అని అరిచాడు. సిగ్ చేప వండుతాం, మా వాళ్ళకి సిగ్ వలల లైసెన్స్ ఉంది, వచ్చి చూసుకో అన్నాను. గట్టిగానే అన్నాను.

కోడలినై వచ్చిన ఊళ్ళోనే ఫిషరీస్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అని మా అమ్మ అప్పుడే చెప్పింది.

ఈ డైరీ పోస్ట్‌లోనే ఉంచుతాను. ఇంట్లో నా కోటు జేబుల్లో ఏముందో నాకంటే మా అత్తకే బాగా తెలుసు.

నవంబర్ 13

మంచు. రోడ్డు మూసేశారు. రోజంతా ఒక్క కారు లేదు. పొయ్యి, నేను, కడుపులో వాడు.

నవంబర్ 17, ఉదయం

నిన్న ఆదివారం. రజ్మిక్ వచ్చాడు. మా కవోర్. మా పెళ్ళిలో మా తలల మీద శిలువ పట్టినవాడు, రేపు పుట్టబోయేవాణ్ణి బాప్తిస్మం తొట్టి దగ్గర ఎత్తుకోవలసినవాడు. అతను వస్తే మా మామగారి కుర్చీ ఖాళీ చేస్తారు. మామగారు పోయాక కూడా ఆ కుర్చీలో వహ్రామ్ కూర్చోడు, కవోర్ కూర్చుంటాడు. కవోర్ ఇంటి పిల్లిని కూడా ఉష్ అనకూడదని ఈ ఊళ్ళో సామెత. వహ్రామ్ అతని పడవలోనే పనిచేస్తాడు. అంటే నా మొగుడు, నా పుట్టబోయే బిడ్డ, ఇద్దరూ అతని చేతిలోనే.

మనిషి మంచివాడు. అదే నా ఖర్మ. వేవిళ్ళ మనిషికి సరస్సు రుచి చూపించాలి, వేవిళ్ళు తగ్గకపోయినా నోరన్నా ఊరుతుంది అంటూ నవ్వుతూ సంచీ ఇచ్చాడు. చిన్న చేపలు. ఒక్కోటి జానెడు. సిగ్ వలలో పడి చచ్చిన పిల్ల ఇష్ఖాన్‌లు, ఆరూస్ జాన్, పారేస్తే పాపం కదా అన్నాడు నాతో. రూలు ప్రకారం పారెయ్యాలి. బతికుంటే చెయ్యి తడుపుకుని వదిలెయ్యాలి, చస్తే పోస్ట్‌లో అప్పగించాలి. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అత్త చూసిన చూపుకి వెనక్కి పోయింది.

కుతాప్ చెయ్యమంది అత్త. కుతాప్‌కి పొట్ట కొయ్యకూడదు. మొప్పల్లోంచి వేలు పెట్టి పేగులు లాగి, అదే దారిన అన్నం, ఎండుద్రాక్ష, అల్లం, వెన్న కూరాలి. చేప చేపలాగే ఉండాలి. నేను వేలు పెట్టి లాగాను. పేగులతో పాటు గుడ్ల జన వచ్చింది. పసుపుపచ్చగా, పూర్తిగా పండిన జన. గింజకి గింజ విడిపోయి అరచేతిలోంచి జారిపోతోంది.

పిల్ల చేపకి జన ఉండదు. పెద్ద ఇష్ఖాన్ మూర దాటాక గాని గుడ్లు పెట్టదు. జానెడు ఒళ్ళుతో పండిన గుడ్లు పెట్టే జాతి ఈ సరస్సులో ఒక్కటే ఉండేది. బోజక్. సరస్సు నీళ్ళు తగ్గినప్పుడు అది గుడ్లు పెట్టే రాళ్ళు ఎండిపోయి అంతరించిపోయిందని మాకు కాలేజీలో చెప్పారు. ల్యాబ్‌లో స్పిరిట్ సీసాలో ఒకటి ఉండేది, తెల్లగా పాలిపోయి. ఎగ్జామ్ కోసం దాన్ని ఎన్నిసార్లు చూశానో. నా తల్లీ, నువ్వు బతికే ఉన్నావా అనుకున్నాను. అప్పటికే అది నా చేతిలో చచ్చి ఉంది.

ఇంకోటి లాగాను. జన. ఇంకోటి. జన.

తినలేదు అంటే అబద్ధం. కవోర్ ఎదురుగా కూర్చున్నాడు, కవోర్ తెచ్చింది కోడలు తిననంటే ఇంటి పరువు పోతుందని అత్త నా పళ్ళెంలో పెట్టింది. తిన్నాను. బాగుంది. అది ఇంకా సిగ్గు.

నవంబర్ 17, సాయంత్రం

సెరోబ్ గారికి చెప్పలేదు. మా పోస్ట్ హెడ్ ఆయన. రూలు చిన్న పిల్లలకి కూడా అర్థమవుతుంది. చూసినవాడు చెప్పాలి. చెప్తే రిపోర్ట్‌లో పట్టినవాడి పేరు, పడవలో ఉన్నవాళ్ళ పేర్లు రాయాలి.

నవంబర్ 18

వహ్రామ్‌ని అడిగాను. ఎక్కడ పట్టారు అని. నల్ల రాళ్ళ మూల అన్నాడు. అక్కడ లోతులో రాళ్ళ మీద వల వేస్తే సిగ్ బాగా పడుతోందట, వాటితో పాటు ఇవీ వస్తున్నాయట. అవి పిల్లలు కాదు, తల్లులు అని చెప్పాను. బోజక్ సంగతి చెప్పాను. నిజమేనా అన్నాడు. నిజమే అన్నాను. అయితే నీకొక్కదానికే తెలుసు కదా అన్నాడు. అవును అన్నాను. మరింకేం, ఇంట్లో నువ్వు ఇన్‌స్పెక్టర్‌వి కాదు, నా పెళ్ళానివి అని అటు తిరిగి పడుకున్నాడు.

కోపంగా అనలేదు. బతిమాలుతున్నట్టు అన్నాడు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

నవంబర్ 25

ఆదివారం మళ్ళీ సంచీ. అందరూ బల్ల చుట్టూ ఉన్నారు. నేను నోరు తెరిచాను. రజ్మిక్ నవ్వుతూ, ఏంటి పిల్లా, చెప్పు అన్నాడు. మూసేశాను. అప్పటినుంచి ఇంట్లో మాట్లాడలేదు. పంతం కాదు. నోరు తెరిస్తే అదొక్కటే వస్తుంది, ఉప్పు అందించండి అన్నా దాని వెనకే అదీ వచ్చేస్తుంది. అందుకని అసలు తెరవడం మానేశాను.

నవంబర్ 26

ఇల్లంతా పండగ. నజ్లు అవ్వకి పండగ. వహ్రామ్ నాయనమ్మ ఆవిడ, ఊళ్ళో అందరికంటే పెద్దది. నేను మాట్లాడకపోవడం చూసి ముందు జ్వరమా అంది, తర్వాత అలకా అంది, ఇవాళ పొద్దున్న ఒక్కసారిగా రెండు చేతులూ ఎత్తి దేవుడికి దణ్ణం పెట్టింది. కోడలు పాత పద్ధతి పట్టింది అంది.

పాత పద్ధతి నాకు కథల్లోనే తెలుసు. కొత్త కోడలు అత్తమామల ముందు, కవోర్ ముందు నోరు విప్పకూడదు. సైగలే. పెద్దవాళ్ళు కానుక ఇచ్చి నోరు తెరిపించేదాకా అంతే. అవ్వ తన మామగారితో ఏళ్ళ తరబడి మాట్లాడలేదట. చివరికి ఆయన ఆవుదూడని ఇచ్చి, ఇక మాట్లాడు తల్లీ అన్నాడట. ఆవిడ మొదటి మాట, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి మామయ్యా. ఆ ముక్క మాట్లాడకుండా అన్నేళ్ళు ఎన్ని పాలు పొంగబెట్టావే అని అత్త దెప్పింది. అవ్వ పట్టించుకోలేదు. పెట్టె అడుగునుంచి తన పాత గుడ్డ తీసి నా నోటికి అడ్డంగా కట్టింది. నాఫ్తలీన్ వాసన.

విప్పెయ్యొచ్చు. విప్పలేదు.

డిసెంబర్ 2

అత్త ఇంటింటికీ చెప్పుకొస్తోంది. చదువుకున్న పిల్ల, ఉద్యోగస్తురాలు, అయినా మా కవోర్ ముందు నోరెత్తదు అని. చుట్టుపక్కల ఆడవాళ్ళు నన్ను చూడ్డానికి వస్తున్నారు. జూలో జంతువుని చూసినట్టు చూసి, కాఫీ తాగి, తమ కోడళ్ళని తిట్టుకుంటూ పోతున్నారు.

రజ్మిక్ అయితే కరిగిపోయాడు. ఈ కాలంలో నాకీ మర్యాద చేసిందెవరు అని కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకో సంచీ పంపాడు.

నా మౌనం అందరికీ సరిపోయింది. ఇంత సుఖంగా ఈ ఇల్లు ఎప్పుడూ లేదు. గొంతులో ముల్లు దిగినవాణ్ణి చూసి ఎంత నెమ్మదస్తుడో అన్నట్టుంది.

డిసెంబర్ 5, పోస్ట్‌లో

ఇక్కడ మాత్రం ఆగకుండా వాగుతున్నాను. డ్రైవర్లతో వాతావరణం గురించి, వాళ్ళ పిల్లల గురించి. సిగ్‌కి ఇష్ఖాన్‌కి తేడా అడక్కపోయినా చెప్తున్నాను. సిగ్ మూతి చిన్నది, పొలుసు పెద్దది, ఒంటి మీద చుక్క ఉండదు. ఒకతను విసుగెత్తి, అమ్మా నా డిక్కీలో బంగాళాదుంపలే ఉన్నాయి అన్నాడు.

సెరోబ్ గారు టీ తాగుతూ చెప్పారు. ఎరెవాన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఏటా అన్ని పోస్ట్‌లకీ చెప్తూ ఉంటారట, జనతో ఉన్న చిన్న ఇష్ఖాన్ కనిపిస్తే వెంటనే చెప్పండి, ఆ చోటు మూసేసి వలలన్నీ తీయిస్తాం అని. ఏనుగుని పట్టమన్నా పడతాను గానీ, ఆ చేప నా చిన్నతనంలోనే పోయింది అన్నారు. నీకేమన్నా కనిపించిందా అని నవ్వుతూ అడిగారు.

లేదు అన్నాను.

ఇంట్లో మౌనం, ఇక్కడ అబద్ధం.

డిసెంబర్ 12

ఇవాళ చేపలు శుభ్రం చేస్తుంటే, చేతి నిండా జన ఉండగా, కడుపులో వాడు మొదటిసారి తన్నాడు. సింక్ దగ్గరే కూలబడి ఏడ్చాను. శబ్దం లేకుండా ఏడ్చాను. అవ్వ వచ్చి తల నిమిరింది. పాత పద్ధతిలో ఏడుపు కూడా అలాగే ఏడవాలట.

డిసెంబర్ 14

వహ్రామ్‌ని పడవల రేవు దగ్గర పట్టుకున్నాను. అక్కడైతే అత్త చెవులు లేవు. మాట్లాడాను. నల్ల రాళ్ళ మూల వదిలెయ్యమని కవోర్‌కి నువ్వు చెప్పు, రిపోర్ట్ లేకుండా, ఎవరికీ తెలియకుండా అన్నాను. అదీ తప్పే, రూలు ప్రకారం. అయినా అడిగాను.

క్రిస్మస్ దాకా ఆగు అన్నాడు. జనవరి ఆరున, మా క్రిస్మస్ నాడే, నీళ్ళ ఆశీర్వాదంలో శిలువకి కవోర్‌గా ఊరు రజ్మిక్‌ని ఎంచుకుంది. చర్చి ముందు తొట్టిలోంచి శిలువని పైకెత్తేది అతనే. వాళ్ళ నాన్నకి ఆ భాగ్యం దక్కలేదు, ఈ ముసలితనంలో ఇతనికి దక్కింది. అది కానియ్యి, ఆ తర్వాత చెప్తాను, ఒట్టు అన్నాడు.

క్రిస్మస్‌కల్లా గుడ్లు పెట్టే కాలం చివరికొచ్చేస్తుంది అన్నాను. వచ్చే ఏడు పెడతాయిలే అన్నాడు. వచ్చే ఏడు పెట్టడానికి ఏవి ఉంటాయి అన్నాను. వల మడతపెట్టడం మొదలుపెట్టాడు. మడతపెట్టిన వలనే మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

డిసెంబర్ 20

ముహూర్తం పెట్టేశారు. క్రిస్మస్ ముందు సాయంత్రం, జనవరి అయిదున, బంధువులందరి ముందు కవోర్ కానుకిచ్చి నా నోరు తెరిపిస్తాడట. నా మొదటి మాట దీవెన అయి ఉండాలట. అవ్వ నేర్పుతోంది. మీ ఇంటి దీపం చల్లగా ఉండాలి కవోర్ జాన్, మీ వల ఎప్పుడూ నిండుగా ఉండాలి.

వల నిండుగా. సరిగ్గా ఆ మాటే దొరికింది ఆవిడకి.

డిసెంబర్ 31

అందరూ అరిచి శుభాకాంక్షలు చెప్పుకున్నారు. నేను గ్లాసు ఎత్తాను.

జనవరి 6, ఉదయం, పోస్ట్‌లో

వరసగా రాయాలి.

నిన్న సాయంత్రం బల్ల మీద అన్నీ ఉన్నాయి. ఎండుద్రాక్ష పలావు, ఆకుకూర, లవాష్ రొట్టె. చేప మాత్రం లేదు. క్రిస్మస్ ముందు రాత్రి చేప లేని బల్ల ఉంటుందా అని నేను అనుకుంటూనే ఉన్నాను. రజ్మిక్ భార్యతో వచ్చాడు. భార్య చేతిలో గుడ్డ కప్పిన పెద్ద పళ్ళెం. అందరూ కూర్చున్నాక అతను లేచి నిలబడ్డాడు. కోటు వేసుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు. ఈ పిల్ల నాకు మా అమ్మకి కూడా దక్కని గౌరవం ఇచ్చింది, బంగారం ఇద్దామనుకున్నాను, బంగారం ఎవడైనా ఇస్తాడు, సరస్సు బిడ్డకి సరస్సునే ఇస్తాను అన్నాడు. గుడ్డ తీశాడు.

పళ్ళెం నిండా కుతాప్‌లు. అన్నీ జానెడువి. వరసలు వరసలుగా పేర్చి, మధ్యలో దానిమ్మ గింజలు చల్లి. పచ్చివి ఇంకో బకెట్‌లో ఉన్నాయి, మంచులో పెట్టాం, బాలింతరాలికి దాచుకోండి అని అతని భార్య చెప్తోంది. ఆ మూలలో ఇంకేమన్నా మిగిలాయా అనుకున్నాను.

అవ్వ నా గుడ్డ ముడి విప్పింది. అందరూ నా నోటికేసి చూస్తున్నారు. మీ ఇంటి దీపం, అని అవ్వ చెవిలో అందించింది.

నేను వహ్రామ్‌కేసి చూశాను. వద్దు అని కళ్ళతోనే అన్నాడు.

మీ పేరు, తండ్రి పేరు చెప్పండి అన్నాను.

బల్లంతా పగలబడి నవ్వింది. ఇన్‌స్పెక్టర్ కోడలు అంటే ఇదీ అన్నారు. రజ్మిక్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఛాతీ విరుచుకుని, రజ్మిక్, మానుక్ కొడుకుని, చిత్తం మేడమ్ అన్నాడు. ఎక్కడ పట్టారు అన్నాను. నల్ల రాళ్ళ మూల మేడమ్, నా వలతోనే మేడమ్. మళ్ళీ నవ్వులు. ఎప్పుడు పట్టారు అన్నాను. ఈ వారంలోనే మేడమ్ అన్నాడు, కానీ నా మొహం చూస్తూ అన్నాడు. సగం మాటలో నవ్వు ఆగిపోయింది. ఆ నవ్వు ఆగడం నేను చచ్చేదాకా మర్చిపోను.

పడవలో ఇంకెవరున్నారు అన్నాను.

అత్త ఒసేయ్ అంది, గొణుగుతున్నట్టు. నేను ఉన్నాను అన్నాడు వహ్రామ్. లేచి నిలబడి అన్నాడు. వహ్రామ్, హ్రాంత్ కొడుకుని, రాసుకో.

రాసుకున్నాను. అప్పుడు చెప్పాను అందరికీ, ఇవి పిల్లలు కావు తల్లులు అని, పేరు బోజక్ అని, ఆ మూలలో తప్ప ఇంకెక్కడా ఉన్నట్టు ఎవరికీ తెలియదని. వలలో బతికి ఉంటే చెయ్యి తడుపుకుని వదిలెయ్యాలని కూడా చెప్పాను, చంటిపిల్లలకి చెప్పినట్టు. నవంబర్‌లోనే తెలుసని, నేనూ తిన్నానని చెప్పాను. రజ్మిక్ మా మామగారి కుర్చీలోంచి లేచి, దాన్ని బల్ల కిందికి మెల్లిగా నెట్టి, భార్య భుజం పట్టుకుని వెళ్ళిపోయాడు. బకెట్ వదిలేసి వెళ్ళాడు.

ఇప్పుడు అది నా కాళ్ళ దగ్గరుంది. సెరోబ్ గారు మూత తీసి, ఒకటి చేతిలోకి తీసుకుని, పొట్ట మెల్లిగా నొక్కారు. జన ఆయన వేళ్ళ మీదకి జారింది. చాలాసేపు అలా పట్టుకునే ఉన్నారు. డిసెంబర్‌లో నిన్ను అడిగాను కదమ్మా అన్నారు. అడిగారు అన్నాను. అదీ రిపోర్ట్‌లో రాశాను అన్నాను. తల ఊపి, ఎరెవాన్ బయల్దేరారు.

జనవరి 6, మధ్యాహ్నం

చర్చికి వెళ్ళలేదు. పోస్ట్ కిటికీలోంచి చర్చి కొండ కనిపిస్తుంది. ఫాదర్ మనిషిని మార్చలేదట. రజ్మిక్కే శిలువ ఎత్తాడు. వచ్చినవాళ్ళు చెప్పారు, ఎత్తి అలాగే నిలబడిపోయాడట, నీళ్ళు మోచేతుల మీదుగా కోటులోకి కారుతున్నా.

జనవరి 10

అత్త నాతో మాట్లాడదు. నాకు వినిపించేలా గోడతో మాట్లాడుతుంది. కవోర్ లేని బిడ్డని ఎవరెత్తుకుంటారే గోడా అంటుంది. వహ్రామ్ స్టేట్‌మెంట్ ఇచ్చి వచ్చాడు. వలలు, పడవ మా పోస్ట్ వెనకాలే ఉన్నాయి, కోర్టు తేల్చేదాకా. కిటికీ తీస్తే అవే.

అవ్వ ఒక్కతే నన్ను తిడుతోంది. నీ తర్వాత ఇక ఏ ఇంట్లోనూ కోడలి నోటికి గుడ్డ కట్టనివ్వరు, పద్ధతే చెడగొట్టావు అంటోంది. తిట్టినా మాటే కదా. ఆవిడ పక్కనే కూర్చుంటున్నాను.

జనవరి 22

ఎరెవాన్ నుంచి ఫోన్. అదే. బోజక్కే. నల్ల రాళ్ళ మూల చుట్టూ ఎర్ర బెండ్లు కట్టేశారు, వల అనేది అటు పోకూడదు. సెరోబ్ గారు నన్ను కౌగిలించుకోబోయి, నా కడుపు చూసి, చెయ్యి ఊపారు. నాకు మాత్రం శిక్ష తప్పదట, దాచినందుకు. సరే అన్నాను.

ఇంటికొచ్చి ఈ వార్త ఎవరికి చెప్పను? దారిలో ముగ్గురు ఎదురయ్యారు. ముగ్గురూ మంచులోకి చూసుకుంటూ పోయారు. నేను మొదలుపెట్టిన మౌనం ఊరంతా పట్టుకుంది.

ఫిబ్రవరి 14

నిన్న పండక్కి చర్చి ముందు మంట వేశారు. జంటలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని దాని మీంచి దూకాలి. నేను ఇంత కడుపుతో దూకలేను. వహ్రామ్ ఒక్కడే దూకాడు. దూకేముందు పక్కకి చెయ్యి చాచాడు, నేనక్కడ ఉన్నట్టు. చూశాను.

మార్చి 4, సాయంత్రం

రజ్మిక్ వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు అవతలే నిలబడ్డాడు. ఇప్పుడు వేరేవాళ్ళ పడవలో సిగ్‌కి వెళ్తున్నాడు. బట్టలు తడిసే ఉన్నాయి.

నేను గుమ్మంలోకి వచ్చాను. అతను మాట్లాడలేదు. రెండు చేతులూ ముందుకి చాపాడు, హైవే మీద వాళ్ళలాగా. కానీ బార కాదు. జానెడు.

తర్వాత ఆ చేతులు అలాగే కిందకి దించి, నీళ్ళలో ముంచినట్టు ముంచి, చేపని వదిలినట్టు విప్పేశాడు. వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మాట్లాడనిది అతను. ఏమిస్తే నోరు తెరుస్తాడో అవ్వని అడగాలి.